సున్నా అడుగుల కొండ

దాలమ్మ పొయ్యికి సీలు పడింది ఒక మంగళవారం పొద్దున. పంతొమ్మిదేళ్ళుగా ఆరని పొయ్యి అది. మొగుడి తద్దినం రోజున కూడా కళ్ళు తుడుచుకుంటూనే షిఫ్టు దిగి వచ్చిన నలభై మందికీ టీ పోసింది గాని దాన్ని ఆర్పలేదు. అక్కడ పొయ్యి ఆరితే మనుషులు ఆరిపోతారు మరి. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. మే నెలలో కూడా మీసాల మీద మంచు పేరుకునే చోటు. సొరంగంలోంచి బయటికి వచ్చినవాడి చేతిలో వేడి గ్లాసు పడకపోతే వేళ్ళు కొయ్యబారిపోయి చొక్కా బొత్తాం కూడా విప్పుకోలేడు. అలాంటి చోట, అలాంటి పొయ్యి, ఎక్కడో సముద్రం ఒడ్డున ముగ్గురు పెద్దమనుషులు పానకం తాగినందుకు ఆరిపోయింది. ఆ వరస మొదటినుంచీ చెప్పుకుంటే గాని అర్థం కాదు.

ఆ సంస్థ పేరు ఎంత పొడుగంటే ఒక్క ముద్రలో పట్టక రెండు ముద్రలు కొట్టేవారు. దాని పెద్దాఫీసు సముద్రానికి ఎదురుగా ఉండేది. కిటికీ తీస్తే ఫైళ్ళ మీద ఉప్పు పడేది. సంస్థకు పదిహేడు చోట్ల పనులున్నాయి. పదహారు తీరంలోనూ మైదానంలోనూ ఉన్నవి. పదిహేడోది ఉత్తరాన మంచుకొండల్లో రాగి గని. ఆ గనికి పెద్దాఫీసు నుంచి ఎవరూ ఎప్పుడూ వెళ్ళలేదు కనుక, దాన్ని గురించి అక్కడ అందరికీ గట్టి అభిప్రాయాలుండేవి.

ఇక మన శ్రీకాకుళం వైపు మనుషులు లేని పని చోటు ఈ దేశంలో ఎక్కడుంది? రేవుల్లో ఉన్నారు, వంతెనల కింద ఉన్నారు, ఆ కొండ మీదా ఉన్నారు. దాలమ్మ మొగుడు సొరంగంలో రాయికి కన్నాలు వేసే మర నడిపేవాడు. ఒక చలికాలం బుడబుడమని దగ్గు పట్టుకుంది. ఆ ఎత్తులో వచ్చే జబ్బు అది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వెంటనే కిందికి దించితే బతికేవాడు, దారి మంచుతో మూసుకుపోయి, ముడిరాయి బుట్టలు దించే ఇనుపతాడు అప్పటికింకా వేయక, దించలేకపోయారు. అతను పోయాకే గని దవాఖానాకు ఆరు ఆక్సిజన్ సిలిండర్లు వచ్చాయి. దాలమ్మకు క్యాంటీను ఇచ్చారు. రేకుల షెడ్డు, గాలికి కప్పు ఎగిరిపోకుండా ఇనుపతాళ్ళతో కొండకి కట్టేసి ఉంటుంది. అందులో ఆమె, ఆమె పొయ్యి, నాలుగు పెద్ద కుక్కర్లు. కుక్కర్లోని చప్పుడు వినే అన్నం ఎంత ఉడికిందో చెప్పేది.

పానకం సంగతి ఏమిటంటే, పెద్దాఫీసులో ఒకాయన పదవీ విరమణ సభ జరిగింది. అక్కడ పానకం తాగిన ముగ్గురు అధికారులు నాలుగు రోజులు సెలవు పెట్టారు. దాని మీద కమిటీ వేశారు. నీళ్ళు సరిగా మరగలేదని కమిటీ తేల్చింది. వెంటనే పదిహేడు చోట్లకూ ఒక సర్క్యులర్ బయలుదేరింది:

"సంస్థకు చెందిన సమస్త యూనిట్లలో తాగునీరు, తేనీటి నీరు, వంటనీరు మూత లేని పాత్రలో మరిగించబడి, సంస్థ సరఫరా చేసిన ఉష్ణమాపకములోని ఎర్ర గీతను తాకిన పిమ్మట మాత్రమే వినియోగించబడవలెను. గీతను తాకని నీరు పచ్చినీరుగా పరిగణించబడును."

దానితోపాటు వెల్వెట్ గుడ్డ పరిచిన పెట్టెలో మూరెడు పొడుగు థర్మామీటరు. వంద అంకె దగ్గర చక్కగా ఒక ఎర్ర గీత.

గని మేనేజరు ముకుందం గారు చెడ్డవాడు కాదు. మనుషుల పేర్లు గుర్తుపెట్టుకునేవాడు, ఎవరికి జ్వరం వచ్చినా వెళ్ళి చూసేవాడు. కాకపోతే పెద్దాఫీసు కాగితం వస్తే మటుకు, గదిలో ఎవరూ లేకపోయినా లేచి నిలబడి చదివేవాడు. ఆయనే స్వయంగా ఆ పెట్టె పట్టుకుని క్యాంటీనుకు వచ్చాడు.

"దాలమ్మా, ఈ గీత చూశావా? పాదరసం ఇక్కడిదాకా ఎక్కాలి. ఎక్కాకే టీ."

"ఎక్కకపోతే బావూ?"

"ఎందుకు ఎక్కదు? రూలు కదా."

గుండిగలో నీళ్ళు పోసి పొయ్యి మంట పెంచింది దాలమ్మ. పాదరసం గబగబా పాకింది. అరవై, డెబ్భై, ఎనభై. ఎనభై అయిదు దగ్గర ఆగింది. నీళ్ళేమో కుతకుతా ఉడుకుతున్నాయి.

"మరిగిపోతన్నాయి బావూ. గెంతులేస్తన్నాయి, సూడండి. ఇంకేటి సెయ్యమంటారు ఆటిని?"

"గీత తాకలేదు."

ఇంకో గంట మరిగించారు. గుండిగలో నీళ్ళు సగమయ్యాయి. మరో గంటకి అడుగంటాయి. పాదరసం ఎనభై అయిదు దాటి వీసమెత్తు కదల్లేదు. ముకుందం గారు రిజిస్టరు తెరిచి, "నీరు పూర్తిగా ఆవిరైనది గాని మరగలేదు," అని రాసి సంతకం పెట్టాడు.

అప్పుడే షిఫ్టు దిగింది. ముందు తవిటయ్య వచ్చాడు. డ్రిల్లు మేస్త్రీ. దాలమ్మ మొగుడి దగ్గరే పని నేర్చుకున్నవాడు, ఆమెను అక్క వరసగా అప్పా అని పిలుస్తాడు. కన్నం ఎక్కడ వేయాలో రాయి మీద గుర్తు పెట్టే ఎర్రరంగు డబ్బా, కుంచె ఎప్పుడూ అతని నడుముకు వేలాడుతుంటాయి. బీడీ లేకుండా చూసినవాళ్ళున్నారు గాని ఆ డబ్బా లేకుండా తవిటయ్యను చూసినవాళ్ళు లేరు.

"ఏటప్పా, టీ ఏదీ?"

"ఆవిరైపోనాది. ఆ రేకు కింద ఎక్కడో ఉంటాది. నోరు తెరిసి నిలబడు."

ఆ పూట ముకుందం గారు అటు తిరగ్గానే దాలమ్మ ఎప్పటిలాగే ఎనభై అయిదు డిగ్రీల టీ కాచి పోసింది. అందరూ తాగారు, ఎవరికీ కడుపునొప్పి రాలేదు. కాని రిజిస్టరు పెద్దాఫీసుకు వెళ్ళింది. తొమ్మిదో రోజున జవాబు:

"మీ యూనిట్ నీటి పనితీరు లక్ష్యము కన్న పదిహేను డిగ్రీలు వెనుకబడియుండుట విచారకరము. తక్కిన పదహారు యూనిట్లు నూటికి నూరు సాధించినవి. ఈ వెనుకబాటుకు బాధ్యులెవరో తెలుపుడు." కింద సంతకం పరాంకుశం గారిది. నాణ్యతా క్రమశిక్షణా విభాగం అధిపతి. ఆయన సంతకం చివర చుక్క కూడా కోపంగా ఉండేది.

బాధ్యులెవరని వెతికితే నీళ్ళ పక్కన నిలబడి ఉన్నది దాలమ్మ ఒక్కతే. సంజాయిషీ కాగితం ఆమె చేతికిచ్చారు. ఆమెకు చదువు రాదు. నాలుగో తరగతి దాకా చదివిన తవిటయ్య కూడబలుక్కుని చదివి వినిపించాడు.

"నీ అదుపాజ్ఞలలో ఉన్న నీరు లక్ష్యమును ఎందుకు చేరలేదో ఏడు దినములలో..." అని ఆగి, "అప్పా, నీలు నీ అదుపులో ఉన్నాయంట," అన్నాడు.

"ఒలమ్మ, మీ బావే నా అదుపులో ఉండేవోడు కాదు, నీలు ఉంటాయేటి? రాయి తమ్మీ, నాను సెప్తాను. ఈ కొండమీద నీలు బేగి మరుగుతాయి, కానీ మరిగిన నీలలో ఏడి సాలదు. అందుకే బియ్యం ముందే నానేస్తాను, పప్పుని కుక్కర్లో ఎట్టి మూతేసి బిగించేస్తాను. పంతొమ్మిదేల్లనుంచీ ఇదే. ఇందులో నా తప్పూ నేదు, నీల తప్పూ నేదు."

ముకుందం గారు దానినే కాస్త పెద్ద మాటల్లోకి మార్చి పంపాడు: ఎత్తు వలన గాలి పలచబడినది, అందువలన నీరు ముందుగానే మరుగుచున్నది, మూత బిగించిన కుక్కరులో వండుటకు అనుమతింపగలరు. చదువుకున్నవాడు కదా, సైన్సు పుస్తకంలోని పేజీ కూడా జత చేశాడు.

పరాంకుశం గారి జవాబు ఈసారి ఆరు రోజులకే వచ్చింది. "గాలి ఎవరి అనుమతితో పలచబడినదో మీ లేఖలో లేదు. నీరు గడువుకు ముందే మరుగుట ఉత్సాహమే కావచ్చును గాని, ఉత్సాహము నియమమునకు ప్రత్యామ్నాయము కాదు. ఇక కుక్కరు విషయము: మూత కింద జరుగు పనికి పారదర్శకత ఉండదు. జత చేసిన పేజీ మన సంస్థ ముద్రించినది కానందున తిప్పి పంపడమైనది."

అంతటితో ఊరుకోక ఆయన ఒక ఉపాయం కూడా ఆలోచించాడు. పెద్దాఫీసు కుళాయి నీళ్ళు నాలుగు పీపాలు పట్టించి, "వంద డిగ్రీలకు మరిగిన అనుభవము గల నీరు" అని చీటీ అంటించి, రైలెక్కించి, లారీ ఎక్కించి, కొండ మీదికి పంపాడు. పదమూడు రోజుల ప్రయాణం. వచ్చేసరికి పీపాల్లో నీళ్ళు గడ్డకట్టి బండలైపోయాయి. దాలమ్మ గునపంతో పొడిచి ముక్కలు తీసి గుండిగలో వేసింది. కరిగాయి, కాగాయి, కుతకుతలాడాయి. ముకుందం గారు ఊపిరి బిగబట్టి చూశాడు. ఎనభై అయిదు.

"పాపం, వచ్చినరోజే మన నీలని సూసి నేర్సేసుకున్నాయి," అంది దాలమ్మ.

చిత్రం ఏమిటంటే, పరాంకుశం గారు కూడా అదే రాశాడు. "స్థానిక నీటి సహవాసము వలన క్రమశిక్షణ లోపించినది." వ్యవహారం తేలేదాకా ఆ యూనిట్‌లో పచ్చినీటి వాడకం నిలిపివేయమన్నాడు. పొయ్యికి సీలు వేయమన్నాడు. అది తెంచే అధికారం తనకొక్కడికే ఉంటుందన్నాడు.

అదిగో, ఆ మంగళవారం. ముకుందం గారు పొయ్యి చుట్టూ పురికొస చుట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు. ఆ లక్క కరిగించడానికి పొయ్యి కావాల్సి వచ్చింది కనుక ముందు ముద్ర వేసి తరవాత ఆర్పారు.

ఆ రోజునుంచి నలభై మందికి అటుకులు చన్నీళ్ళలో నానబెట్టి పెట్టింది దాలమ్మ. అటుకులు నానేలోపు నీళ్ళు గడ్డకట్టేవి. రాయికి రోజుకు యాభై కన్నాలు వేసేవాళ్ళు ఇరవై వేయడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి తవిటయ్య ఎడమచేతి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. దాలమ్మ ఆ చేతిని తన చంకలో పెట్టుకుని గంటసేపు కూర్చుంది. అలా కూర్చుని పొయ్యి వంకే చూసింది. ఇంట్లో మనిషి మంచాన పడితే చూసినట్టు చూసింది.

"అప్పా, ఏడుస్తన్నావేటి?"

"నేదు. నా కల్లు ఎనబై అయిదు కాడే మరిగిపోతన్నాయి."

పెద్దాఫీసులో మళ్ళీ కమిటీ కూర్చుంది. ముడిరాయి తక్కువ వస్తోంది కదా, అందుకు. మూడు రోజులు చర్చించి మూడు మార్గాలు కనిపెట్టారు. ఒకటి, నియమం మార్చడం. అది బోర్డు ఆమోదించిన నియమం, మార్చాలంటే రెండేళ్ళు. రెండు, నీటిని మార్చడం. అది అయిపోయింది. మూడు, ఎత్తును మార్చడం. ఎత్తు వల్లనే ఇదంతా వచ్చిందని ముకుందం గారే రాశాడు గదా! పైగా ఎత్తు అనేది గేటు దగ్గర బోర్డు మీద రాసినది, బోర్డు మీద రాత మార్చడానికి ఒక్క సంతకం చాలు.

ఉత్తర్వు వచ్చింది. ముకుందం గారు నిలబడి చదివాడు:

"సంస్థ నియమ నిబంధనల నిమిత్తము సదరు రాగి గని ఎత్తు తక్షణము అమలులోకి వచ్చునట్లు సముద్ర మట్టమునకు సున్నా అడుగులుగా నిర్ణయించడమైనది. పై విధముగా కొండను కిందికి దించుటలో సిబ్బంది సహకరించవలెను."

తవిటయ్యే నిచ్చెన వేసుకుని, తన ఎర్రరంగుతో బోర్డు మీద పద్నాలుగు వేలు కొట్టేసి సున్నా పెట్టాడు. దిగి వచ్చి అడిగాడు:

"కొండ దిగిపోనాదంటావా అప్పా?"

"ఏమో నాయనా. నా మోకాల్లకి మాత్రం ఇంకా తెలీనేదు."

ఇక సముద్ర మట్టానికి దిగిపోయిన గనికి సముద్ర మట్టం మర్యాదలు రావాలి గదా. మొదట ఉన్ని కోట్లు వెనక్కి పిలిపించారు. బదులు నలభై గొడుగులు, నలభై దోమతెరలు, నీళ్ళలో పడ్డవాళ్ళకి విసిరే గాలిచక్రాలు రెండు, "ఈత రానివారు అలల సమీపమునకు పోరాదు" అన్న బోర్డొకటి వచ్చాయి. వాతావరణం రిజిస్టరులో మంచు అని రాయడం మానేసి, "చిరుజల్లు, తెల్లనిది" అని రాయడం మొదలుపెట్టారు. ఒక రోజు నడుములోతు చిరుజల్లు పడింది.

తరవాత ఆక్సిజన్ సిలిండర్ల వంతు. కూలీలు మోసుకుపోతుంటే దాలమ్మ దవాఖానా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అయి మా ఆయన పోయినాక వచ్చినాయి బావూ. తీసికెల్లకండి."

ముకుందం గారు తల దించుకున్నాడు. "సముద్ర మట్టంలో ఆక్సిజన్ ఊరికే దొరుకుతుంది దాలమ్మా. కాగితంలో అలాగే ఉంది."

"కాగితం ఊపిరి పీలుస్తాదేటి బావూ?"

ఆరూ వెళ్ళిపోయాయి. పొయ్యి మటుకు ఇంకా తెరవలేదు. ఇప్పుడు నీళ్ళు వందకి తప్పక మరుగుతాయి గాని, ఆ మరగడాన్ని కళ్ళారా చూసి ధ్రువపరచడానికి పరాంకుశం గారే స్వయంగా దయచేస్తున్నారన్నారు.

ఆయన వచ్చింది శుక్రవారం పదకొండు గంటలకి. పెద్దాఫీసు జీపు ఆయన్ని గేటు దగ్గర దించి, సామాను వెనకబడిపోయిందని మళ్ళీ కిందికి వెళ్ళింది. ఫైల్లో సున్నా అడుగులని ఉంది కనుక పరాంకుశం గారు పల్చటి నూలు చొక్కా, నల్ల కళ్ళద్దాలు, కాన్వాసు బూట్లతో దిగాడు. చెమట తుడుచుకోవడానికి మెడలో చిన్న తువ్వాలు. బోర్డు మీద సున్నా చూసి తృప్తిగా తలాడించాడు. గేటు నుంచి క్యాంటీనుకు పంతొమ్మిది మెట్లు. ఏడో మెట్టు మీద ఆగిపోయాడు.

"ఈ మెట్లు... ఎవరు... మంజూరు చేశారు?"

పదకొండో మెట్టు మీద కూర్చున్నాడు. పెదవులు నీలంగా మారాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. తవిటయ్య, ఇంకో ఇద్దరు కలిసి మోసుకొచ్చి క్యాంటీను బల్ల మీద పడుకోబెట్టారు. దవాఖానా కాంపౌండరు రిజిస్టరుతో సహా పరుగెత్తుకొచ్చాడు. చెయ్యి పట్టుకుని చూశాడు, కళ్ళు చూశాడు, తరవాత రిజిస్టరు చూసి బిక్కమొహం వేశాడు.

"ఇది ఎత్తు జబ్బే సార్. కాని ఆ మాట రాయాలంటే కనీసం ఎనిమిది వేల అడుగులుండాలి. మనమిప్పుడు సున్నాలో ఉన్నాం. సముద్రపు గాలి పడలేదని రాసుకోనా?"

"నాకు... ఏ జబ్బూ... లేదు," అన్నాడు పరాంకుశం గారు. "సున్నాలో... ఉండడానికి... వీల్లేదు."

అని దగ్గాడు. బుడబుడమని.

మూలన నిలబడి ఉన్న దాలమ్మ ఆ చప్పుడు విన్నది. అన్నం ఉడకడం చెవులతో కనిపెట్టే మనిషి. పంతొమ్మిదేళ్ళ కిందట విన్న దగ్గు అది. ఒక్క రాగం తేడా లేదు.

"బావూ, ఈయన్ని బేగి కిందికి దించెయ్యాల," అంది ముకుందం గారితో. "మన జీపు తియ్యించండి."

ముకుందం గారి మొహంలో రక్తం లేదు. జీపు చీటీల పుస్తకం తెరిచాడు. "ఇందులో చేరే చోటు ఎత్తు రాయాలి దాలమ్మా. కింద మన ముడిరాయి ఆడించే మిల్లు మనకన్నా అయిదు వేల అడుగుల దిగువన ఉంది. మనం సున్నా అయితే అది సముద్రంలో అయిదు వేల అడుగుల లోతున ఉన్నట్టు. సముద్రంలోకి జీపు పంపడానికి నాకు అధికారం లేదు. పడవకైతే పైనుంచి అనుమతి తెప్పించాలి."

దాలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. గరిటె తీసుకుంది. పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఆ లక్కముద్ర మీద ఒక్కటి వేసింది.

"దాలమ్మా! అది పగలగొడితే నీ ఉద్యోగం పోతుంది!"

"పోతే పోనీండి. మనిసి పోకండా ఉంటే సాలు."

పొయ్యి వెలిగింది. నెల రోజుల తరవాత ఆ షెడ్డులో మంట చప్పుడు వినిపించేసరికి, బయట ఉన్నవాళ్ళందరూ పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అల్లం, మిరియాలు దంచి వేసి నీళ్ళు కాచి, గ్లాసులో పోసి, పరాంకుశం గారి తల ఎత్తి పట్టుకుని నోటి దగ్గర పెట్టింది.

ఆయన వణికే చేత్తో గ్లాసు మూసేశాడు.

"గీత... తాకిందా?"

"తాగండి బావూ ముందు."

"తాకనిది... పచ్చినీరు. తాగను."

గుండిగలో థర్మామీటరు ముంచి చూపించారు. ఎనభై అయిదు. ఆయన కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. పెదవుల నీలం గోళ్ళకు పాకింది. చచ్చిపోయేలా ఉన్నాడు గాని నియమం తప్పేలా లేడు. కంపెనీ అలాంటివాళ్ళని ఏరి ఏరి పెట్టుకుంటుంది మరి.

దాలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "ఒరే తమ్మీ, నీ రంగు డబ్బా ఇలా తే."

తవిటయ్య నడుము దగ్గరి డబ్బా విప్పి ఇచ్చాడు. థర్మామీటరును కొంగుతో తుడిచి, వంద దగ్గరి ఎర్ర గీతను గోటితో గీకిపారేసింది. పాదరసం ఆగినచోట, సరిగ్గా అక్కడ, కుంచెతో కొత్త గీత పెట్టింది.

"ఇదేమిటి!" అన్నాడు ముకుందం గారు. "గీత దించడానికి నీకెవరు అధికారం ఇచ్చారు?"

"ఏటి బావూ అలగంటారు? పద్నాలుగు వేల అడుగుల కొండని మీరు కలంతో దించీసినారు. ఏలెడంత గీతని నాను కుంచెతో దింపకూడదేటి?"

ముకుందం గారు జేబులోంచి సర్క్యులర్ తీశాడు, అలవాటుగా లేచి నిలబడబోయి, తను నిలబడే ఉన్నానని గుర్తొచ్చి అలాగే చదివాడు. మొదటిసారి నిదానంగా చదివాడు. నీరు ఎర్ర గీతను తాకాలని ఉంది. ఆ గీత ఏ అంకె దగ్గర ఉండాలో ఎక్కడా లేదు.

"సార్," అన్నాడు పరాంకుశం గారి చెవి దగ్గర వంగి, "తాకింది."

ఆయన ఒక కన్ను తెరిచి థర్మామీటరు చూశాడు. పాదరసం, గీత, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. నోరు తెరిచాడు. దాలమ్మ గుక్కగుక్కగా తాగించింది. గ్లాసు ఖాళీ అయ్యాక ఆయన చేసిన మొదటి పని రిజిస్టరు అడగడం. "గీతను తాకినది. సంతృప్తికరము," అని రాసి సంతకం చేశాడు. ఆ సంతకం కాగితం మీద కిందికి జారిపోయింది.

"కిందికంటే గుర్తొచ్చినాది," అన్నాడు తవిటయ్య. "రాయిని దించటానికి ఎత్తు ఎవులూ అడగరు కదా!"

నిజమే. గని నుంచి మిల్లుకు ఇనుపతాడు మీద ముడిరాయి బుట్టలు రోజంతా దిగుతూనే ఉంటాయి. వాటి చీటీలో ఎత్తు గడి లేదు. ముకుందం గారు ఈసారి ఆలోచించలేదు; "రాగి రాయి, ఒక బుట్ట" అని రాసి ఇచ్చేశాడు. పరాంకుశం గారిని మూడు దోమతెరల్లో చుట్టి, పైన దాలమ్మ తన శాలువా కప్పి, తవిటయ్యను తోడు కూర్చోబెట్టారు. వేణ్ణీళ్ళు నింపి మూత బిగించిన కుక్కరు ఆయన ఒళ్ళో పెట్టింది దాలమ్మ.

"మూత తియ్యకండి బావూ. లోపల మీ పారదరసకత నేదు గానీ, ఎచ్చదనం ఉన్నాది."

బుట్ట గాలిలో ఊగుతూ దిగిపోయింది. ముప్పావుగంటకి మిల్లు నుంచి ఫోను వచ్చింది. తూకం గుమాస్తా గొంతు: "మీరు పంపిన రాయి దగ్గుతోందండీ. ఏ రకంలో వేయమంటారు?"

ముకుందం గారు లేచి నిలబడి, "పై రకంలో వేసి వెంటనే డాక్టరుకి చూపించండి," అన్నాడు.

అయిదు వేల అడుగులు దిగేసరికే దగ్గు సగం తగ్గింది. సాయంత్రానికి పరాంకుశం గారు లేచి కూర్చున్నాడు, మర్నాటికి నడిచాడు. మూడు వారాల తరవాత ఆయన నివేదిక వచ్చింది. కొండను సున్నాకు దించడం శాస్త్రీయమని, దించిన పిమ్మట నీరు గీతను తాకుతున్నదని, తాను స్వయముగా తాగి చూచితినని రాశాడు. తన అస్వస్థతకు ఆ పంతొమ్మిది మెట్లు కారణమన్నాడు. దాలమ్మ సీలు పగలగొట్టిన సంగతి ఏమవుతుందో అని అందరూ భయపడ్డారు గాని, అధికారం గల అధికారి సమక్షంలో జరిగింది కనుక దాన్ని "పొయ్యి ప్రారంభోత్సవము"గా పరిగణించారట. పరాంకుశం గారి పేరు చెక్కిన నల్లరాతి పలక కూడా పంపారు. ఆరు సిలిండర్లు "సముద్రపు గాలి పడని అధికారుల నిమిత్తము" అని తిరిగి వచ్చాయి. ఉన్ని కోట్లు "దళసరి రెయిన్‌కోట్లు" అన్న పేరుతో వచ్చాయి. కొండ మటుకు సున్నాలోనే ఉండిపోయింది. కింద మిల్లు సముద్రంలో మునిగి ఉందని లెక్క తేలి, దానికి గజఈతగాళ్ళ దుస్తులు రెండు జతలు మంజూరయ్యాయని చెప్పుకున్నారు.

దాలమ్మకు వీటన్నింటితో పనేముంది? గాలిచక్రాన్ని గుండిగ కింద కుదురుగా పెట్టుకుంది. ప్రారంభోత్సవం పలకను తిరగేసి అల్లం దంచుకుంది. దోమతెర నాలుగు మడతలు వేసి టీ వడగట్టుకుంది. థర్మామీటరు వెల్వెట్ పెట్టెలో పడుకుంది.

షిఫ్టు దిగింది. తవిటయ్య ముందుగా వచ్చి, కట్టు కట్టిన రెండు వేళ్ళూ వేడి గ్లాసు చుట్టూ చుట్టుకుని, ఆవిరిలో మొహం పెట్టి అడిగాడు:

"ఎంత మరిగినాయప్పా?"

ఆమె తల ఎత్తకుండానే తరవాతి గ్లాసు నింపింది.

"వంద. బేగి తాగు, సల్లారిపోద్ది."